చంటిపిల్లలతో ఒక్కరోజు ప్రయాణం: బెజవాడ, గుంటూరు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడ, అత్తగారిల్లు గుంటూరు. బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. సెలవు దొరికినప్పుడల్లా పొద్దున వెళ్లి చీకటి పడేలోపు తిరిగొచ్చే ప్రయాణాలు చేస్తుంటాం. అపార్ట్‌మెంట్ మెట్ల మీద, స్కూలు గేటు దగ్గర, చుట్టాల పెళ్లిళ్లలో నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. పడ్డ కష్టంలోంచి నేర్చుకున్నవే ఈ జవాబులు.

పాపకి ఐదో నెల. బయటికి తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. నిజానికి ఆ వయసు పిల్లతోనే ప్రయాణం తేలిక. పాలు అమ్మ దగ్గరే ఉంటాయి, నిద్ర ఒళ్లోనే పడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకి తల్లిపాలు ఉంటే మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఎండాకాలమైనా అంతే, కాకపోతే ఎక్కువసార్లు పట్టాలి. పాలిచ్చే తల్లికి మాత్రం నీళ్లూ తిండీ వేళకి అందాలి. అందరికీ వడ్డించి చివర్న తినే అలవాటు ఆ రోజు పనికిరాదు. మా పాపకి ఆరు నెలలు నిండేదాకా మేం గంట దూరం దాటి వెళ్లలేదు, పడవ ఎక్కించలేదు. అంత చిన్న ఒంటికి సరిగ్గా పట్టే లైఫ్ జాకెట్ దొరకడం కష్టం.

అసలు కష్టకాలం నడక వచ్చిన దగ్గర్నుంచి మూడున్నరేళ్ల దాకా. ఎత్తుకుంటే దిగుతానంటారు, దింపితే చంకెక్కుతామంటారు.

ఒక్కరోజులో ఎన్ని చోట్లు చూడొచ్చు? మా ఆయన మంగళగిరి, ఉండవల్లి, అమరావతి మూడూ ఒకేసారి చుట్టేద్దామంటున్నారు.

ఒక్క చోటు. దీని దగ్గర మాత్రం నేను ఎవరితోనూ రాజీ పడను.

ఫోన్‌లో మ్యాపు చూస్తే ఆ మూడూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. పెద్దవాళ్లు మాత్రమే వెళ్తే సాయంత్రానికి మూడూ అయిపోతాయి కూడా. పిల్లలతో వెళ్తే ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ అరగంట కరిగిపోతుంది. చెప్పులు వెతకాలి, పాస్ పోయించాలి, నీళ్లు తాగించాలి, ఊడిన డైపర్ సరిచేయాలి. అంతలో పెద్దవాడు అక్కడే ఇంకాసేపు ఆడతానంటాడు. మూడు చోట్లంటే ఆరుసార్లు ఈ తంతు.

బాబుకి మూడేళ్లప్పుడు మేమూ ఆ మూడూ పెట్టుకున్నాం. పొద్దున మంగళగిరి కొండ మీద పానకాలస్వామి దర్శనం హాయిగా జరిగింది. ఉండవల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కారులో అప్పుడే నిద్రపోయిన వాణ్ణి లేపి దింపాం. గుహల ముందు రాతి మెట్ల మీద కూర్చుని అరగంట ఏడ్చాడు. లోపల ఒకే రాతిలో మలిచిన అనంతశయనమూర్తిని నేనొక్కదాన్నే పరుగున వెళ్లి చూసొచ్చాను. సాయంత్రం నాలుగింటికి అమరావతి చేరితే అది శుక్రవారం. పురావస్తుశాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవని ముందు కనుక్కోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి ఇద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదు.

ఆ రోజు గురించి బాబు ఇప్పటికీ చెప్పేది ఒక్కటే. స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటగుటమని చప్పుడొచ్చిందట, సగం తాగి సగం మనకి వదిలేశాడట. అది పది నిమిషాల ముచ్చట. ఆ పది నిమిషాలను వాడు మూడేళ్లుగా దాచుకున్నాడు. కొండ కిందకి దిగి, చెట్టు నీడన పులిహోర తిని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసి ఉంటే ఆ రోజు మాకూ అంతే తీపిగా గుర్తుండేది. అప్పట్నుంచీ ఒక రోజుకి ఒక చోటే.

అయితే ఏ వయసు పిల్లలకి ఏ చోటు బాగుంటుంది?

మేం వెళ్లినవాటి గురించే చెప్తాను.

రెండు మూడేళ్ల వాళ్లకి గుంటూరు దగ్గర ఉప్పలపాడు. పెదకాకాని మండలంలోని చిన్న ఊరు. ఊరి చెరువులోని చెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు వందలకొద్దీ వాలి ఉంటాయి. శీతాకాలంలో, పొద్దున్నే వెళ్లాలి. పిల్లలు ఎక్కడికీ నడవక్కర్లేదు, గట్టున నిలబడితే పక్షులే ఎగురుతూ కనిపిస్తాయి. మా పాప మొదటిసారి వేలు పెట్టి చూపిస్తూ ‘పిట్ట’ అన్నది అక్కడే. ఆ ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా కాపాడుకుంటారు కాబట్టి, రాళ్లు విసరకూడదనీ అరవకూడదనీ పిల్లలకి కారులోనే చెప్పి దింపండి. గంటన్నర చాలు. పదింటికల్లా ఎవరింటికి వాళ్లు.

నాలుగేళ్లు దాటిన వాళ్లకి కొండపల్లి. ఖిల్లా కంటే ముందు బొమ్మల కాలనీకి తీసుకెళ్లండి. తెల్లపొణికి కర్రను చెక్కడం, ముక్కల్ని అతికించడం, రంగులద్దడం కళ్ల ముందే జరుగుతుంటే పిల్లలు కదలకుండా చూస్తారు. మా బాబు ఒక తాతగారి పక్కన ముప్పావుగంట గొంతుక్కూర్చున్నాడు. ఇంట్లో ఐదు నిమిషాలు కుదురుగా ఉండని పిల్లాడు! ఆ కర్ర బెండులా తేలిగ్గా ఉంటుంది, పిల్లల చేతికి బరువనిపించదు. చిన్న చిన్న భాగాలున్న బొమ్మలు మాత్రం నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వకండి. రెడ్డిరాజుల కాలం నాటి ఖిల్లా అదే ఊళ్లో కొండ మీద ఉంది, కానీ దాన్ని ఇంకో రోజుకి అట్టిపెట్టుకోండి.

ఉండవల్లి గుహలు ఐదేళ్లు దాటాక. అంతస్తుల మధ్య మెట్లు నిటారుగా ఉంటాయి, చంకన బిడ్డతో ఎక్కితే కాళ్లు వణుకుతాయి.

కోటప్పకొండకి ఘాట్ రోడ్డు ఉంది, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి వెళ్లడానికి అనువు. కోతులుంటాయి, చేతిలో అరటిపండు కనబడనివ్వకండి. శివరాత్రికి ఎత్తుగా కట్టి అలంకరించే ప్రభలు చూసి తీరాల్సినవే, కానీ ఆ జనంలోకి చంటిపిల్లల్ని తీసుకెళ్లమని నేను చెప్పలేను.

నాగార్జునసాగర్, ఎత్తిపోతల జలపాతం ఒక్కరోజులో వద్దు. పోనూ రానూ సగం రోజు వాహనంలోనే గడుస్తుంది. ఒక రాత్రి ఉండగలిగితే వెళ్లండి.

సూర్యలంక వెళ్దామని పిల్లలు గోల. సముద్రానికి ఏ వయసు?

బాపట్ల స్టేషన్‌లో దిగితే అక్కణ్ణుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లే. మా పిల్లలకి ఇసుక చాలు, నీళ్లు అక్కర్లేదు. ఒక చిన్న బకెట్టు, రెండు గరిటెలు ఇస్తే రెండు గంటలు ఆడతారు. నీళ్లలోకి దింపితే ఒక పిల్లకి ఒక పెద్దమనిషి, అదీ చేయి చాపితే అందేంత దగ్గర. ఇద్దరు పిల్లల్ని ఒకరు చూసుకోవడం అక్కడ చెల్లదు. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది, మోకాలి లోతులో కూడా చిన్నపిల్లలు పడిపోతారు. కార్తీక పౌర్ణమికి స్నానాల జనం ఎక్కువ, ఆ రోజు మానుకోండి. తడి డైపర్‌లో ఇసుక చేరితే తొడలు ఒరుసుకుపోయి రాత్రంతా నిద్ర ఉండదు. నీళ్లలోంచి రాగానే మంచినీళ్లతో కడిగి, ఒళ్లు ఆరాక కొబ్బరినూనె రాయండి.

కృష్ణ మధ్యలోని భవానీ ద్వీపానికి వెళ్లే పడవ సంగతి?

లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. పిల్లాడి కొలతకి సరిపోయేది లేకపోతే దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి. పడవలో జనం ఎక్కువైనట్టు అనిపించినా అంతే. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడింది. అది కార్తీకమాసం, ఎక్కినవాళ్లు సరదాగా షికారుకి వచ్చినవాళ్లే. ఈ ఊళ్లో ఉండేవాళ్లం ఆ సాయంత్రాన్ని మర్చిపోలేం.

కృష్ణకి వరద వచ్చే జులై నుంచి అక్టోబరు దాకా బయల్దేరే ముందు పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి, ద్వీపం మునిగింది. నది ఎప్పుడూ ఒకేలా ఉండదు.

ఎన్నింటికి బయల్దేరాలి? ఏడింటికి అనుకుంటే పది అవుతోంది.

పొద్దున చేసే పనులు ముందురోజు రాత్రే చేసేస్తే ఆ మూడు గంటలు మిగులుతాయి. సంచి సర్దడం, బట్టలు తీసి మంచం మీద పెట్టడం, నీళ్ల సీసాలు నింపడం, బండిలో పెట్రోలు కొట్టించడం, అన్నీ రాత్రి ఎనిమిదిలోపే. పిల్లలకి పొద్దున స్నానం చేయించే పని పెట్టుకోవద్దు. రాత్రి స్నానం చేయించి, మర్నాటి బట్టలతోనే పడుకోబెట్టండి. మా అత్తగారికి మొదట్లో ఇది నచ్చలేదు. గుడికైతే ఆవిడ మాటే సరి. మిగతా చోట్లకి నిద్రకళ్లతో ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టేస్తాం. ఆరింటికి బయటపడితే బెంజిసర్కిల్ ఖాళీగా ఉంటుంది, ఎనిమిదికల్లా ఎక్కడికైనా చేరతాం, ఎండ ముదిరేలోపు తిరుగుముఖం పడతాం.

దారిలో పిల్లలకి ఏం పెట్టాలి?

ఇంటి తిండే, అదీ వాళ్లు రోజూ తినేదే. కొత్త రుచి చూపించడానికి అది రోజు కాదు. ఇడ్లీ ఎప్పుడూ పనికొస్తుంది, చల్లారినా బాగుంటుంది, ఒంట్లో తేలిక. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. దద్దోజనం పెరుగుతో కాకుండా పాలతో కలిపి చిటికెడు పెరుగు తోడు వేస్తే భోజనం వేళకి సరిగ్గా కమ్మగా తయారవుతుంది, పులవదు. ఇది మా అమ్మ చెప్పిన కిటుకు. పెద్దపిల్లలకి జంతికలు, మరమరాలు, అరటిపండ్లు. ఐదేళ్ల లోపు వాళ్లకి పల్లీలు, బఠాణీలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. కాచిన పాలు ఫ్లాస్కులో గంటలకొద్దీ ఉంచకండి, విరిగినట్టు కనబడకపోయినా చెడి ఉండొచ్చు. బయట తినాల్సి వస్తే కళ్ల ముందు పొగలు కక్కుతూ దిగినదే.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో ఎప్పుడూ ఉండాలి. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు మొత్తం. గ్లాసుడు నీళ్లలో కొంచెం వేసి కలపడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, దానితో మేలు కంటే కీడే ఎక్కువ. కలిపింది మర్నాటికి దాచొద్దు.

వేసవి సెలవుల్లోనే కదా తీరిక, ఎండల్లో ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగటి ప్రయాణం వద్దనే చెప్తాను. రోహిణికార్తెలో అయితే అసలు వద్దు. చిన్నపిల్లల ఒంట్లో నీరు పెద్దవాళ్లకంటే తొందరగా ఇంకిపోతుంది, దాహమని చెప్పడం వాళ్లకి రాదు. ఆరేడు గంటలు పాస్ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వేసవిలో సాయంత్రం ఐదు దాటాక కృష్ణ ఒడ్డుకి వెళ్లి, బ్యారేజీ మీద దీపాలు వెలిగాక వచ్చేయండి. పిల్లలకి అదీ ప్రయాణమే.

నిద్రపోతున్నాడు కదా అని కారులో వదిలి ఐదు నిమిషాల్లో వస్తామని వెళ్లకండి. నీడన పెట్టినా, అద్దం కాస్త దించినా సరే. మూసిన కారు లోపల వేడి నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

మనసారా తిరగాలంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. మన పెద్దవాళ్లు వనభోజనాలు ఊరికే ఆ నెలలో పెట్టలేదు. ఉసిరిచెట్టు, మామిడితోట, ఇంటినుంచి తెచ్చిన అన్నం, పిల్లలు పరుగెత్తడానికి చోటు. ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు ఇప్పటికీ కనబడలేదు. ఇంకొకటి. ఫిబ్రవరి నుంచి గుంటూరు చుట్టుపక్కల కళ్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. మిర్చి యార్డు వైపు, పల్లె దారుల్లో అద్దాలు ఎత్తి పెట్టుకోండి. ఆ ఘాటుకి పసివాళ్లు దగ్గి దగ్గి కక్కేస్తారు.

కారెక్కితే చాలు మా వాడికి వాంతులు.

రెండేళ్లు దాటాక మొదలై, చాలామందికి పన్నెండేళ్లు దాటాక తగ్గుతుంది. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, కళ్లు కదలట్లేదంటాయి. అందుకే ఫోనూ బొమ్మల పుస్తకమూ చేతికివ్వకుండా ముందుకు, దూరంగా చూడమనండి. ఖాళీ కడుపుతోనూ, కడుపునిండా పాలు తాగించీ ఎక్కించొద్దు. రెండు ఇడ్లీలు తినిపించి అరగంట ఆగండి. కొండవీడు ఘాట్ రోడ్డు వంపుల్లో మా బాబుకి మూడుసార్లయింది. అప్పట్నుంచి కొండ కింద ఒకసారి దింపి పది నిమిషాలు నడిపిస్తాం, ఘాట్ మీద నెమ్మదిగా వెళ్తాం. మందు పిల్లల డాక్టరుగారు చెప్తేనే. వాంతి చేసుకున్న పిల్లాణ్ణి తిట్టొద్దు, సీటు కడుక్కోవచ్చు.

కారు లేదు. బస్సా, రైలా, బండా?

రైలు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్తే కృష్ణ వంతెన రాగానే పిల్లలు కిటికీకి అతుక్కుపోతారు. మా ఇద్దరికీ ఆ వంతెన దాటడమే సగం పండగ. బాత్రూం ఉంటుంది, లేచి నడవొచ్చు, ఐదేళ్లలోపు వాళ్లకి టికెట్ అక్కర్లేదు. బస్సయితే పండిట్ నెహ్రూ బస్టాండులో మొదట బయల్దేరే చోటే ఎక్కండి, దారి మధ్యలో పిల్లలతో సీటు దొరకదు.

బండి మీద నలుగురు వద్దు. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్లలోపు పిల్లలకి హెల్మెట్ ఉండాలి, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఇది చట్టం. ముందు ట్యాంకు మీద నిలబెట్టి జాతీయ రహదారి ఎక్కేవాళ్లని చూస్తే నాకు గుండె జారిపోతుంది.

బాత్రూం?

దొరికిన ప్రతిచోటా, రాకపోయినా కూర్చోబెట్టండి. ఒక మగ్గు, సబ్బుముక్క, పాత కాటన్ చీర పెట్టుకోండి. ఆ చీర మరుగవుతుంది, పక్కవుతుంది, ఎండకి కప్పుకోడానికీ పనికొస్తుంది.

జనంలో పిల్లాడు తప్పిపోతే?

మాకు జరిగింది. బాబుకి నాలుగేళ్లు, భవానీ ద్వీపంలో ఎనిమిది మంది పెద్దవాళ్లం ఉన్నాం. నేను మా ఆయన దగ్గరున్నాడనుకున్నాను, ఆయన మా మరిదితో ఉన్నాడనుకున్నారు, మరిది నా దగ్గరే అనుకున్నాడు. ఏడెనిమిది నిమిషాలు. చుట్టూ నీళ్లు. మట్టి తోడుతున్న మిషను ముందు నిలబడి చూస్తూ కనబడ్డాడు. ఇప్పటికీ రాసేటప్పుడు చేతులు చల్లబడుతున్నాయి.

పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్నప్పుడే పిల్లలు తప్పిపోతారు. అందుకే ఇప్పుడు నోటితో అప్పగించుకుంటాం. ‘బాబు నీ దగ్గర’ అంటే ‘ఆ, నా దగ్గర’ అని బదులు రావాలి. బదులు రాకపోతే అప్పగించినట్టు కాదు. పొద్దున బయల్దేరేటప్పుడు పిల్లల్ని నిలబెట్టి ఒక ఫోటో తీస్తాను, ఏ రంగు చొక్కానో కంగారులో గుర్తురాదు. ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాస్తాను. అమ్మ పేరు, నాన్న పేరు పూర్తిగా నేర్పించాను. మేం కనబడకపోతే ఉన్నచోటే నిలబడమనీ, పిల్లల్ని ఎత్తుకున్న ఆంటీని ఎవరినైనా అడగమనీ చెప్పాం. నీళ్లున్న చోట తప్పిపోతే ముందు నీళ్ల వైపు వెతకాలి. 112కి, పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

కింద పడి దొర్లి ఏడుస్తుంటే అందరూ మన వంకే చూస్తారు కదా.

చూడనివ్వండి. ఆ వయసు పిల్లాడు అలా ఏడ్చాడంటే ముప్పాతిక వంతు ఆకలో నిద్రో ఎండో. నీడకి ఎత్తుకెళ్లి, నీళ్లు తాగించి, భుజాన వేసుకుని ఊరుకోండి. అప్పుడు బుద్ధులు చెప్పినా వాళ్ల చెవికెక్కవు. ఎవరో చూస్తున్నారని మాత్రం కొట్టొద్దు.

మా అత్తగారు, మామగారు కూడా వస్తామంటున్నారు.

రమ్మనండి. కానీ పిల్లల కాపలాకి కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి పరుగెత్తే పిల్లాడి వెంట ఎలా పడగలరు? మా మామగారు కథలు చెప్తారు, అత్తగారు అన్నం కలిపి ముద్దలు పెడతారు. ఆ రెండూ మాకు రావు. పరుగులు మావి. గుడి ఉంటే అదే ముందు, నిదానంగా దర్శనం చేసుకునే తీరిక ఆవిడకి దొరకాలి.

అన్నీ నేనే సర్దుతాను, నేనే తినిపిస్తాను, నేనే కడుగుతాను. ఇంటికొచ్చాక ‘బాగా ఎంజాయ్ చేశాం’ అంటారు. ఏం చేయను?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి తల్లి గొంతులోనూ ఒకే అలసట విన్నాను. బయల్దేరే ముందే పనులు పంచుకోండి, మనసులో కాదు, కాగితం మీద. మా ఇంట్లో తిండి, మందులు నావి. బాత్రూం, బట్టలు మార్చడం, వాంతులు ఆయనవి. మొదటిసారి డైపర్ సంచి ఆయన మర్చిపోయారు. నేను గుర్తుచేయలేదు, దారిలో దుకాణం వెతికి కొనుక్కొచ్చారు. రెండోసారి మర్చిపోలేదు. సంచి ఎవరు సర్దితే దాంట్లో ఏముందో వాళ్లకే తెలుస్తుంది, కాబట్టి ఇద్దరూ సర్దాలి. మధ్యలో ఒక అరగంట అమ్మది. మా పాప పడుకున్నాక నేను ఒక్కదాన్నే వెళ్లి నది ముందు కూర్చుంటాను. ఎవరూ పిలవకూడదని ముందే మాట తీసుకున్నాను.

ఇంటికొచ్చాక?

వేడినీళ్లతో కాళ్లూ చేతులూ కడిగి, చారన్నం పెట్టి, ఎనిమిదికల్లా పడుకోబెట్టడం. చెవుల వెనక, మెడ మడతల్లో, చంకల్లో పురుగు కుట్లుగానీ ఎర్రదద్దులుగానీ ఉన్నాయేమో దీపం కింద చూడండి. మర్నాడు స్కూలుంటే ఆ ప్రయాణమే పెట్టుకోవద్దు. జ్వరం, విరేచనాలు రెండో రోజు బయటపడుతుంటాయి. ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే సంచి ఖాళీ చేయండి. లేకపోతే వారం తర్వాత అడుగున తడి చొక్కా, సగం తిన్న అరటిపండు దొరుకుతాయి. ఉతికిన జత ఒకటి, తువ్వాలు, ఓఆర్ఎస్ మళ్లీ అందులోనే పెట్టి మా సంచిని తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తాను. వచ్చే ఆదివారం ఉప్పలపాడు, పాప మళ్లీ అడిగింది.